పల్లె బొమ్మలో ఉన్నది ఎవరి పల్లె? కాన్‌స్టబుల్ ‘ది హే వెయిన్’ మీద రెండు వందల ఏళ్ల వాదన

డ్రాయింగ్ క్లాసులో ‘సీనరీ వేయండి’ అంటే మన పిల్లలు ఏం వేస్తారో చెప్పక్కర్లేదు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, ఒడ్డున పూరిల్లు, పక్కన కొబ్బరి చెట్టు. ఇంగ్లండు వాళ్ల ఊహల్లో అంతగా పాతుకుపోయిన పల్లె దృశ్యం ఒకటుంది. జాన్ కాన్‌స్టబుల్ 1821లో పూర్తి చేసిన ‘ది హే వెయిన్’, అంటే ఎండుగడ్డి బండి. 2005లో బీబీసీ రేడియో కార్యక్రమం ఒకటి, బ్రిటన్‌లో ఉన్న చిత్రాల్లో అన్నిటికన్నా గొప్పది ఏదని శ్రోతల చేత ఓట్లు వేయిస్తే ఇది రెండో స్థానంలో నిలిచింది. 2022 జులైలో పర్యావరణ ఉద్యమకారులు లండన్ నేషనల్ గ్యాలరీలో దీని మీద వేరే బొమ్మ అతికించారు. 1776 జూన్ 11న పుట్టిన కాన్‌స్టబుల్‌కు 2026తో 250 ఏళ్లు నిండుతున్నాయి కాబట్టి ఈ బొమ్మ చుట్టూ మాటలు మళ్లీ పెరిగాయి.

ఆ మాటల్లోనే గందరగోళం. కొందరు దీన్ని అచ్చమైన పల్లె జీవితం అంటారు. కొందరు ఆకలిని దాచిపెట్టిన ఆస్తిపరుల కల అంటారు. చిత్రకళ చరిత్ర రాసేవాళ్లు చాలామంది, ఆ గొడవ ఎలా ఉన్నా ప్రకృతిని చూసే తీరునే మార్చిన పని ఇది అంటారు. ఈ మూడు మాటలకూ ఆధారాలున్నాయి. అవి ఒకదానికొకటి ఎక్కడ అడ్డం వస్తున్నాయో తెలియాలంటే ముందు బొమ్మను నిదానంగా చూడాలి.

బొమ్మలో కనిపించేది

నూనె రంగులతో వేసిన పెద్ద కాన్వాసు ఇది. ఎత్తు దాదాపు 130 సెంటీమీటర్లు, వెడల్పు 185. మధ్యలో, లోతు లేని నీళ్లలో, ఒక బండి. మూడు గుర్రాలు లాగుతున్నాయి. వాటి మెడపట్టీల దగ్గర ఎర్రటి అలంకారం ఉంది. ఆకుపచ్చ, గోధుమ రంగులు నిండిన అంత కాన్వాసులో కంటిని ముందు లాగేవి ఆ ఎర్రటి మచ్చలే. బండిలో ఇద్దరు మనుషులు. గడ్డి మాత్రం లేదు, బండి ఖాళీ.

ఎడమ పక్క ఎర్ర పెంకుల కప్పున్న తెల్లటి ఇల్లు. విల్లీ లాట్ అనే రైతు ఇల్లది. ఎనభై ఏళ్లు దాటిన జీవితంలో ఆయన ఆ ఇంటికి దూరంగా నిండా నాలుగు రోజులైనా గడపలేదని కాన్‌స్టబుల్ స్నేహితుడొకరు రాశారు. ఇంటి దగ్గర నీటి అంచున ఒక ఆడమనిషి వంగి పని చేసుకుంటోంది. ముందు వైపు ఒడ్డున ఒక కుక్క బండి వైపు చూస్తోంది. కుడి పక్క పొదల దగ్గర పడవ, గాలం పట్టుకున్న మనిషి. ఇంకా వెనక్కి, ఎండ పడుతున్న పచ్చిక బయల్లో, దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప తెలియనంత చిన్నగా గడ్డి కోతవాళ్లు, పక్కనే గడ్డితో నిండిన ఇంకో బండి.

ఇక్కడ గడ్డి అంటే మన వరిగడ్డి అనుకోకూడదు. పచ్చిక బయళ్లలో పెరిగిన గడ్డిని వేసవిలో కోసి, ఎండబెట్టి, చలికాలానికి పశువులకూ గుర్రాలకూ మేతగా దాచుకుంటారు. పొడుగు పిడి కొడవళ్లతో నిలబడి కోసేవారు. ఎండ ఉన్న నాలుగు రోజుల్లో అందరూ దిగి ముగించాల్సిన పని అది, వాన పడితే గడ్డి కుళ్లిపోతుంది. బొమ్మలో ఎడమ వైపు మబ్బులు కమ్ముతున్నాయి, కుడి వైపు ఎండ కాస్తోంది. రైతు కుటుంబంలో పుట్టినవాళ్లకు ఈ ఆకాశం చూడగానే కాస్త టెన్షన్ మొదలవుతుంది.

పాస్టోరల్ అంటే: కాపరుల పాటల నుంచి కాన్వాసు దాకా

ఇలాంటి బొమ్మలను ఇంగ్లిషులో పాస్టోరల్ అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో పశువుల కాపరి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో థియోక్రిటస్ అనే గ్రీకు కవి, గొర్రెలు మేపుతూ పాటలు పాడుకునే కాపరుల మీద పద్యాలు రాశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత రోమన్ కవి వర్జిల్ అదే పద్ధతి అందుకున్నాడు. చెట్టు నీడ, పిల్లనగ్రోవి, ప్రేమ, తీరిక: చదివేవాళ్లు పట్నం జనం, కనిపించేది పల్లె. 17వ శతాబ్దంలో రోములో స్థిరపడ్డ ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ లొరేన్ ఆ పద్యాల వాతావరణాన్ని రంగుల్లోకి తెచ్చాడు. బంగారు రంగు వెలుతురు, రెండు పక్కలా చెట్లు, దూరంగా నీళ్లు, ఎక్కడో ఒక మూల చిన్న చిన్న మనుషులు. ఇంగ్లండు ప్రభువులు ఆ చిత్రాలను ఎగబడి కొన్నారు. కాన్‌స్టబుల్ యువకుడిగా ఉన్నప్పుడు సర్ జార్జ్ బోమాంట్ అనే సంపన్నుడి దగ్గరున్న క్లాడ్ చిత్రాన్ని చూసి ముగ్ధుడయ్యాడు, జీవితాంతం ఆ గురుభావం పోలేదు.

వర్జిల్‌లోనే రెండో దారి కూడా ఉంది. ఆయన సేద్యం మీద వేరే కావ్యం రాశాడు. అందులో దున్నడం, విత్తడం, తేనెటీగలను పెంచడం, చెమట, నష్టం అన్నీ ఉంటాయి. దాన్ని బట్టి, పల్లెలో పనిని చూపించే కళకు జార్జిక్ అనే వేరే పేరు వచ్చింది. పాస్టోరల్‌లో పల్లె తీరిక చోటు, జార్జిక్‌లో పని చోటు. ‘ది హే వెయిన్’ ఈ రెంటి మధ్యా ఉంది. పని జరుగుతోంది, కానీ తొందర లేదు.

పాస్టోరల్ అంటే ఊరికే తియ్యటి కల అనేవాళ్లు తరచుగా మరిచిపోయేది ఒకటుంది. వర్జిల్ కాపరి పద్యాల్లో మొట్టమొదటిదే భూమి పోగొట్టుకున్న మనిషి గోడు. యుద్ధాల్లో పనిచేసిన సైనికులకు పంచడానికి రైతుల భూములు లాక్కున్న కాలం అది. ఒక కాపరి నీడలో కూర్చుని పాడుతుంటే, రెండో కాపరి తన మేకలను తోలుకుని ఊరు వదిలి పోతుంటాడు. పల్లె అందం, పల్లెను పోగొట్టుకోవడం ఈ పద్ధతిలో మొదటి నుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

బండి నీళ్లలో ఎందుకుంది?

చిన్న ప్రశ్నే, కానీ బొమ్మను చదివే పద్ధతులు ఎలా వేరవుతాయో దీనితో బాగా తెలుస్తుంది.

మొదటి జవాబు: ఏరు దాటుతోంది. తూర్పు ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో, స్టౌర్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరే ఫ్లాట్‌ఫర్డ్. ఫర్డ్ అంటే లోతు తక్కువగా ఉండి బండ్లు దాటగలిగే చోటు. కుడి వైపు బయల్లో గడ్డి ఎత్తుతున్నారు, ఈ ఖాళీ బండి అక్కడికి బయల్దేరింది. నిండిన బండి ఒకటి బయల్లో ఉండటం దీన్ని బలపరుస్తుంది.

రెండో జవాబు చక్రాల గురించి. కర్ర చక్రం చుట్టూ ఇనప పట్టా ఉంటుంది. ఎండాకాలం కర్ర ఎండి కుంచించుకుపోతే పట్టా వదులవుతుంది. కాసేపు నీళ్లలో నిలిపితే కర్ర ఉబ్బి పట్టా బిగుసుకుంటుంది. మన ఊళ్లలో ఎడ్లబండ్లు నడిచిన రోజులు తెలిసినవాళ్లకు ఈ జవాబే ముందు తట్టొచ్చు. మూడోది, మధ్యాహ్నపు ఎండలో గుర్రాల కాళ్లు చల్లబరచడానికి, నీళ్లు తాపడానికి. కాన్‌స్టబుల్ ఈ చిత్రానికి మొదట పెట్టిన పేరు ‘ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం’ కాబట్టి ఆ సంగతీ కొట్టిపారేయలేం.

ఇంకో చిక్కుంది. అది అసలు గడ్డి బండేనా? కలప మోసే బండి ఆకారంలో ఉందని కొందరంటారు. బండి వివరాల కోసం ఆయన చాలా పట్టుబట్టిన మాట మాత్రం నిజం. అప్పుడాయన ఉన్నది లండన్‌లో. ఊళ్లో ఉన్న తమ్ముడు ఏబ్రమ్‌ను అడిగితే, ఒక కుర్ర చిత్రకారుడి చేత బండి నమూనా గీయించి పంపారు. ఆ జాగ్రత్త చూస్తే, ఇది ఊహలోంచి వచ్చిన పల్లె అన్న మాట అంత తేలిగ్గా నిలబడదు.

మూడు జవాబులూ ఒకేసారి నిజం కావచ్చు. మూడూ పని లోపలి కారణాలే అన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. తీరికగా కనిపిస్తున్న ఈ దృశ్యం పని మధ్యలో దొరికిన కొన్ని నిమిషాలు.

ఫ్రేములోకి రాని నీటి మర

ఇప్పుడు కాస్త వెనక్కి జరగాలి. కాన్‌స్టబుల్ తండ్రి గోల్డింగ్ కాన్‌స్టబుల్ ధాన్యం వ్యాపారి. ఫ్లాట్‌ఫర్డ్ నీటి మర ఆయనదే. డెడమ్‌లో ఇంకో మర, సొంత పడవలు, లండన్‌కు సరుకు తీసుకెళ్లే ఓడ కూడా ఉండేవి. ఆయన 1816లో చనిపోయాక వ్యాపారం ఏబ్రమ్ చూసుకున్నాడు. ‘ది హే వెయిన్’ దృశ్యం ఆ మర ముంగిట నిలబడి చూస్తే కనిపించేదే. బొమ్మలోని నీళ్లు మర దగ్గరి మడుగు. మర మాత్రం బొమ్మలో లేదు.

స్టౌర్ నది కూడా మనం అనుకునే సహజమైన ఏరు కాదు. సరుకు పడవలు నడవడానికి లాకులు కట్టి, గట్లు సరిచేసిన వ్యాపార మార్గం అది. గుర్రాలు ఒడ్డున నడుస్తూ పడవలను లాగేవి. గోదావరి, కృష్ణా కాలవల మీద పడవల రవాణా గురించి పెద్దల నోట విన్నవాళ్లు ఆ కోలాహలాన్ని సులువుగా ఊహించుకోగలరు. కాన్‌స్టబుల్ దాన్ని దాచలేదు. ఆరడుగుల పెద్ద చిత్రాల వరుసలో ‘ది హే వెయిన్’ మూడోది. 1819 నాటి మొదటి చిత్రంలో పడవలో నది దాటుతున్న గుర్రం ఉంటుంది, 1824లో వేసిన దానిలో లాకు తలుపు ఎత్తుతున్న మనిషి ఉంటాడు. కాబట్టి వ్యాపారం, యంత్రం ఈ చిత్రకారుడికి గిట్టవనలేం. ఈ ఒక్క బొమ్మలో అవి కనిపించవు, అంతే. ఈ ఒక్క బొమ్మే అందరికీ గుర్తుండిపోయింది.

బొమ్మ తయారైన తీరు కూడా చూడాలి. విల్లీ లాట్ ఇంటిని ఆయన ఏళ్ల ముందు నుంచే అక్కడికక్కడే చిన్న చిన్న స్కెచ్‌లుగా వేసి పెట్టుకున్నాడు. తర్వాత లండన్ స్టూడియోలో అసలు చిత్రం అంత పరిమాణంలోనే ఒక నూనె రంగుల స్కెచ్ వేశాడు. అంత పెద్ద స్కెచ్ వేయడం అప్పట్లో ఎవరికీ అలవాటు లేదు. అది ఇప్పుడు లండన్‌లోనే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. రెంటినీ పోల్చితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్కెచ్‌లో కుక్క పక్కన, నీటి అంచున, గుర్రం మీద ఒక మనిషి ఉన్నాడు. అసలు చిత్రంలో ఆ మనిషి లేడు. అక్కడ ఒక పీపా పెట్టి, దాన్ని కూడా రంగుతో కప్పేశాడు. కాలం గడిచి పై రంగు పలచబడి ఆ ఆకారం ఇప్పుడు లీలగా బయటపడుతోంది. ఏది ఉండాలి, ఏది పోవాలి అని చివరి దాకా తేల్చుకుంటూనే ఉన్నాడన్న మాట.

అప్పుడు సఫోక్‌లో ఏం జరుగుతోంది?

1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాయి. యుద్ధకాలంలో ఆకాశంలో ఉన్న ధాన్యం ధర పడిపోయింది. సైనికులు పని కోసం ఊళ్లకు తిరిగొచ్చారు, కూలి రేట్లు తగ్గాయి. చలికాలంలో కూలీలకు కాస్త తిండి పెట్టేది కట్టెలతో ధాన్యం కొట్టే పని, ఆ పనిని నూర్పిడి యంత్రాలు లాక్కున్నాయి. మరో వైపు భూస్వాములు నిండిన పార్లమెంటు 1815లో ఒక చట్టం చేసింది. దేశంలో గోధుమ ధర క్వార్టర్‌కు 80 షిల్లింగులు దాటేదాకా విదేశీ గోధుమ అమ్మకానికి రాకూడదు. క్వార్టర్ అంటే అప్పటి ధాన్యం కొలత. ధర నిలబడితే భూస్వామికి లాభం, రొట్టె కొనుక్కునే కూలికి నష్టం. 1816లో తూర్పు ఇంగ్లండులో ‘రొట్టె లేదా రక్తం’ అనే నినాదంతో అల్లర్లు లేచాయి. 1822లో సఫోక్, నార్ఫోక్ పల్లెల్లో కూలీలు నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టారు, గడ్డివాములకు నిప్పు పెట్టారు.

కాన్‌స్టబుల్‌కు ఇదంతా తెలుసు. 1822 ఏప్రిల్‌లో స్నేహితుడు జాన్ ఫిషర్‌కు రాసిన ఉత్తరంలో, దగ్గరో దూరమో మంటలు కనిపించని రాత్రి లేదని తమ్ముడు రాశాడని చెప్పాడు. కౌళ్లు తగ్గించలేదని, ఊరి పెద్దలు ఊరు వదిలి వెళ్లిపోయారని కూడా రాశాడు. ‘ది హే వెయిన్’ ప్రదర్శనకు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

దాచాడా, ప్రేమించాడా?

వాదన ముదిరేది ఇక్కడే. 1980 నుంచి ఇంగ్లండులో ఒక వర్గం చరిత్రకారులు ఈ బొమ్మలను కూలీల వైపు నుంచి చదవడం మొదలుపెట్టారు. వాళ్లలో జాన్ బారెల్ ముఖ్యుడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. కాన్‌స్టబుల్ చిత్రాల్లో పనివాళ్లు దూరంగా, చిన్నగా, చెట్లలో చెట్టుగా కలిసిపోతారు. ముఖం కనిపించేంత దగ్గరికి వస్తే వాళ్ల అలసట, కోపం కూడా కనిపిస్తాయి, బొమ్మలోని ప్రశాంతత నిలవదు. ధాన్యం వ్యాపారి కొడుకు, సంప్రదాయవాది, 1832 నాటి ఓటుహక్కు సంస్కరణలను వ్యతిరేకించినవాడు, పల్లెను ఎంత దూరం నుంచి చూస్తే బాగుంటుందో అంత దూరంలోనే నిలబడ్డాడు.

ఎదుటి పక్షం చెప్పేదీ బలంగానే ఉంది. కాన్‌స్టబుల్ లోకంలో మనుషులే కాదు, అన్నీ వాతావరణంలో భాగమే. 1821లోనూ, మరుసటి ఏడాదీ ఆయన లండన్ శివార్లలోని హాంప్‌స్టెడ్‌లో మబ్బుల మీద పదుల కొద్దీ స్కెచ్‌లు వేశాడు. కొన్నిటి వెనక తేదీ, సమయం, గాలి దిక్కు కూడా రాసి పెట్టాడు. ఆకులు తడిగా మెరవడం చూపించడానికి తెల్లటి చుక్కలు చల్లితే విమర్శకులు మంచు అని వెక్కిరించారు. దృశ్యం అంటే పాత వయొలిన్ రంగులో గోధుమగా ఉండాలని బోమాంట్ అంటే, కాన్‌స్టబుల్ ఒక వయొలిన్ తెచ్చి పచ్చిక మీద పెట్టి చూపించాడని ఒక కథ చెబుతారు. పైగా పురాణ పురుషులు, యుద్ధాలు ఉన్న బొమ్మలే గొప్పవని లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ లెక్క, ప్రకృతి దృశ్యం బాగా కింది మెట్టు. రాజులకు, దేవతలకు కేటాయించే ఆరడుగుల కాన్వాసును ఆయన ఒక గడ్డి బండికి ఇచ్చాడు. పనిని చిన్నచూపు చూసేవాడు చేసే పని కాదది.

తేడా తేలాలంటే ఇంకో చిత్రం పక్కన పెట్టి చూడాలి. ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫ్రాన్స్వా మిలే 1857లో ‘పరిగె ఏరేవాళ్లు’ వేశాడు. కోత అయిపోయిన చేలో ముగ్గురు ఆడవాళ్లు వంగి రాలిన కంకులు ఏరుకుంటున్నారు. వాళ్లు బొమ్మకు మధ్యలో, ముందు భాగంలో, పెద్దగా ఉన్నారు. పెద్ద పెద్ద కుప్పలు, నిండిన బండి, గుర్రం మీద పెత్తనం చేసే మనిషి దూరంగా చిన్నగా ఉన్నారు. కాన్‌స్టబుల్ దగ్గర దూరంగా ఉన్నవాళ్లు మిలే దగ్గర ముందుకొచ్చారు. పారిస్ పెద్దమనుషులకు అది నచ్చలేదు. చేలు, కుప్పలు, ఆకాశం రెండు చోట్లా ఉన్నాయి. ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది మారగానే బొమ్మ రాజకీయమే మారిపోయింది.

నా మటుకు నాకు బారెల్ ప్రశ్న సరైనదే అనిపిస్తుంది, జవాబు మాత్రం సగమే. దూరాన్ని ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. ఆ దూరంలో ఉన్నది వర్గం ఒక్కటే కాదు. కాన్‌స్టబుల్ అప్పటికి లండన్‌లో కాపురం ఉంటూ, తండ్రి పోయిన ఊరిని జ్ఞాపకంలోంచి, పాత స్కెచ్‌ల్లోంచి కూడదీసుకుంటున్నాడు. ఊరు వదిలి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ చిన్నప్పటి చెరువుగట్టును తలచుకునేవాళ్లకు ఆ దూరం అర్థమవుతుంది. అలా తలచుకునేటప్పుడు కౌలు బాకీలు గుర్తుకు రావు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

పారిస్‌లో పతకం, ఇంగ్లండులో ఆలస్యం

1821లో రాయల్ అకాడమీలో ప్రదర్శిస్తే ఎవరూ కొనలేదు. అక్కడ దాన్ని చూసిన ఫ్రెంచి చిత్రకారుడు జెరికో మాత్రం ఆశ్చర్యపోయాడు. 1824లో ఆరోస్మిత్ అనే పారిస్ వ్యాపారి దీన్ని, ఇంకో పెద్ద చిత్రాన్ని, ఒక చిన్న చిత్రాన్ని కలిపి 250 పౌండ్లకు కొన్నాడు. ఆ ఏడాది పారిస్ సలోన్ ప్రదర్శనలో దీనికి బంగారు పతకం వచ్చింది. దీన్ని చూశాక ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రా తన పెద్ద చిత్రంలో నేపథ్యాన్ని మళ్లీ దిద్దుకున్నాడని చెబుతారు. తర్వాత తరం ఫ్రెంచి వాళ్లు బార్బిజాన్ అనే పల్లెకు చేరి ఆరుబయట ప్రకృతిని గీశారు, మిలే కూడా 1849లో అక్కడికే వెళ్లాడు. కాన్‌స్టబుల్‌కు ఎదురుగా నిలబెట్టే మిలే చిత్రం వెనక కూడా కాన్‌స్టబుల్ వేసిన దారి కొంత ఉంది.

ఇంగ్లండులో ఈ బొమ్మ జాతి సొత్తయ్యింది 1886లో, హెన్రీ వాన్ అనే సేకర్త నేషనల్ గ్యాలరీకి ఇచ్చినప్పుడు. అప్పటికి దేశం మారిపోయింది. 1851 జనాభా లెక్కల్లోనే సగానికి పైగా జనం పట్టణాల్లో తేలారు. పొగ గొట్టాల మధ్య ఉన్నవాళ్లకు ఈ బొమ్మ పోయిన ఊరైంది. బిస్కెట్ డబ్బాల మీద, క్యాలెండర్ల మీద, టీ ట్రేల మీద ఎక్కింది. 1821లో కొత్తగా, గరుకుగా కనిపించిన చిత్రం వంద ఏళ్లలో అందరికీ అలవాటైన అలంకారమైంది. ‘తియ్యటి పల్లె బొమ్మ’ అన్న పేరులో ఎక్కువ భాగం ఈ రెండో జీవితానిదే.

ఖాళీ బండిలోకి ఎక్కిన సరుకు

అంతగా అందరికీ తెలిసిన బొమ్మ కాబట్టే నిరసన చెప్పేవాళ్లు దీన్ని వదలలేదు. 1980లో పీటర్ కెన్నార్డ్ అనే కళాకారుడు, అమెరికా అణు క్షిపణులు ఇంగ్లండు పల్లెల్లో దిగబోతున్నాయన్న వార్తలు వస్తున్నప్పుడు, ఈ బండిలో క్షిపణులు ఎక్కించి ఫొటోలతో ఒక అతుకుల బొమ్మ చేశాడు. 2022 జులై 4న ‘జస్ట్ స్టాప్ ఆయిల్’ ఉద్యమకారులు ఇద్దరు అసలు చిత్రం మీదే కాగితాలు అతికించి, చేతులు ఫ్రేముకు జిగురుతో అంటించుకున్నారు. ఆ కాగితాల మీద స్టౌర్ నది స్థానంలో తారు రోడ్డు, ఆకాశంలో విమానాలు, ఒడ్డున పడేసిన పాత కారు, బండిలో పాత వాషింగ్ మెషీన్, కార్చిచ్చుకు మాడిన చెట్లు ఉన్నాయి. ఫ్రేముకూ వార్నిషుకూ స్వల్పంగా దెబ్బ తగిలింది. సరిచేసి మర్నాటికి మళ్లీ గోడకెక్కించారు.

మ్యూజియంలో ఇలా చేయడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ, రెండు పక్షాలకూ చెప్పుకోవడానికి చాలా ఉంది. బొమ్మ చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం ఆ కాగితాల్లో ఒక వివరం గుచ్చుకుంటుంది. ఉద్యమకారులు చూపించదలుచుకున్నది రాబోయే కాలపు మంటలను. అవే పొలాల చుట్టూ 1822లో నిజంగానే మంటలు లేచాయి. కాన్‌స్టబుల్ వాటి గురించి ఉత్తరంలో రాశాడు గాని కాన్వాసు మీదికి రానివ్వలేదు.